జర్మన్ మౌఖిక పరీక్షలో స్వీయ పరిచయం: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మన్ భాష ఎ1 (తొలి స్థాయి) పరీక్షకు సిద్ధమవుతున్న తెలుగువారిని ఉద్దేశించి ఈ ప్రశ్నలు, సమాధానాలు కూర్చాము. గోథె ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే "ష్టార్ట్ డోయిచ్ 1" పరీక్షను ప్రధానంగా తీసుకున్నాము. ఎ2, బి1 స్థాయులలో వచ్చే తేడాలను చివర ప్రస్తావించాము. జర్మన్ వాక్యాలను తెలుగు లిపిలోనే ఇచ్చాము. అవి ఉచ్చారణకు దగ్గరి రూపాలు మాత్రమే కాబట్టి, వాటిని జర్మన్ల గొంతులో విని సరిచూసుకోవడం అవసరం.

స్వీయ పరిచయం పరీక్షలో ఎప్పుడు వస్తుంది?

ఎ1 మౌఖిక పరీక్షను ఒక్కొక్కరికి విడివిడిగా కాకుండా, గరిష్ఠంగా నలుగురు అభ్యర్థులను కలిపి కూర్చోబెట్టి, దాదాపు 15 నిమిషాల్లో నిర్వహిస్తారు. ఇందులో మూడు భాగాలుంటాయి. మొదటిది స్వీయ పరిచయం. రెండవ భాగంలో, కార్డు మీద ఉన్న పదాన్ని ఆధారం చేసుకొని తోటి అభ్యర్థిని ప్రశ్న అడగాలి, తనను అడిగిన దానికి జవాబు చెప్పాలి. మూడవ భాగంలో ఏదైనా ఇమ్మనో చేయమనో మర్యాదగా కోరాలి, ఎదుటివారి కోరికకు స్పందించాలి. మౌఖిక భాగానికి ముందుగా సిద్ధమయ్యే సమయం ఇవ్వరు, రాసుకున్న కాగితం చూసి చదవడానికీ వీలుండదు. అందువల్ల గదిలో కూర్చున్న మొదటి నిమిషంలోనే మాట్లాడవలసి వస్తుంది.

ఈ భాగానికి ఎన్ని మార్కులు?

మౌఖిక పరీక్షకు మొత్తం 15 పాయింట్లు. వాటిలో స్వీయ పరిచయానికి 3, మిగిలిన రెండు భాగాలకు ఆరేసి చొప్పున కేటాయించారు. ఈ 15 పాయింట్లను తుది లెక్కలో 25గా మారుస్తారు. నాలుగు నైపుణ్యాలూ (వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం) కలిపి 100కు 60 వస్తే ఉత్తీర్ణులైనట్లే. మూడు పాయింట్ల కోసం ఇంత కష్టపడాలా అని కొందరు అడుగుతారు. పడాలనే మా అభిప్రాయం. పేరు, ఊరు, వృత్తి, అభిరుచి గురించి ఇక్కడ వాడే వాక్యాలే రెండవ భాగంలో ప్రశ్నలుగానూ జవాబులుగానూ మళ్లీ అక్కరకు వస్తాయి. పైగా గొంతు సర్దుకొని, భయం తగ్గి, పరీక్షకుల మాటతీరుకు చెవి అలవాటు పడేది ఈ భాగంలోనే.

కార్డు మీద ఏముంటుంది, ఎన్ని వాక్యాలు చెప్పాలి?

పేరు, వయసు, దేశం, నివాసం, భాషలు, వృత్తి, అభిరుచి అనే ఏడు సూచనలు జర్మన్‌లో ఉంటాయి: నామె, ఆల్టర్, లాంట్, వోన్‌ఓర్ట్, ష్ప్రాఖెన్, బెరూఫ్, హొబీ. ఒక్కోదానికి ఒక పూర్తి వాక్యం చెబితే సరిపోతుంది. నిమిషం లోపలే ముగుస్తుంది. గుంటూరులో ఉంటున్న ఒక ఫార్మసిస్టు చెప్పదగిన పరిచయం ఇలా ఉంటుంది:

"గూటెన్ టాగ్. ఇష్ హైసె జ్యోతి. ఇష్ బిన్ జీబెన్‌ఉంట్‌ట్స్వాన్‌ట్సిష్ యారె ఆల్ట్. ఇష్ కొమ్మె ఆవ్స్ ఇన్డియెన్. ఇష్ వోనె ఇన్ గుంటూర్, దాస్ ఇస్ట్ ఐనె ష్టాట్ ఇన్ జ్యూట్‌ఇన్డియెన్. ఇష్ ష్ప్రెషె తెలుగు, హిన్డి, ఎంగ్లిష్ ఉంట్ ఐన్ బిస్‌షెన్ డోయిచ్. ఇష్ బిన్ అపోటెకెరిన్ ఫోన్ బెరూఫ్. ఇష్ కొఖె గెర్న్ ఉంట్ హ్యోరె గెర్న్ మ్యూజీక్."

గుంటూరు దక్షిణ భారతంలోని ఒక పట్టణమని చేర్చడం తప్పనిసరి కాదు. మన ఊరి పేరు వినని పరీక్షకునికి అది సాయపడుతుంది, చెప్పేవారికి కూడా సహజంగా అనిపిస్తుంది. ఇంతకు మించి పొడిగించినందువల్ల ఈ స్థాయిలో అదనపు పాయింట్లు రావు, తప్పులకు మాత్రం అవకాశం పెరుగుతుంది.

దొరికిన నమూనాను యథాతథంగా బట్టీ పట్టవచ్చా?

పట్టవద్దని గట్టిగా చెబుతున్నాము. బట్టీ పట్టడం నేరమని కాదు. ఎ1 స్థాయిలో కొన్ని వాక్యాలు నోటికి రావాల్సిందే. అయితే అవి మీ జీవితానికి చెందిన నిజమైన వాక్యాలై ఉండాలి, ఏ వరుసలో అడిగినా విడివిడిగా చెప్పగలిగేవై ఉండాలి. ఈత రానివారు "ఇష్ ష్విమ్మె గెర్న్" అని చెబితే, ఎక్కడ ఈదుతారు, ఎంత తరచుగా ఈదుతారు అనే చిన్న ప్రశ్నకే ఆగిపోతారు. వంట ఇష్టమైనవారికి ఏం వండుతారని అడిగితే "రైస్ ఉంట్ గెమ్యూసె" (అన్నం, కూరగాయలు) అన్న జవాబు ఆలోచించకుండానే వస్తుంది.

దీనికి మేము సూచించే పద్ధతి ఒకటుంది. ఏడు సూచనలను ఏడు చీటీల మీద రాసి, కలిపి, ఏ చీటీ వస్తే ఆ వాక్యం చెప్పాలి. తర్వాత అదే వాక్యానికి ప్రశ్న రూపం చెప్పాలి: "ఇష్ వోనె ఇన్ ఏలూరు" అన్న వెంటనే "వో వోనెన్ జీ?" (మీరు ఎక్కడ ఉంటారు?) అనాలి. ఇలా చేసినవారికి రెండవ భాగం సగం సిద్ధమైనట్లే.

నాకు ఇంటిపేరుకు బదులు ఇనీషియల్ మాత్రమే ఉంది. పేరు ఎలా చెప్పాలి?

తెలుగువారికి ఎక్కువగా వచ్చే సందేహం ఇది. మనం ఇంటిపేరును ముందు పెట్టి చెబుతాము, చాలాసార్లు దానిని ఒక అక్షరానికి కుదిస్తాము. జర్మన్లు మామూలుగా సొంత పేరును ముందు, కుటుంబ నామాన్ని తర్వాత చెబుతారు. సొంత పేరును "ఫోర్‌నామె" అనీ, కుటుంబ నామాన్ని "ఫమీలియెన్‌నామె" లేదా "నాఖ్‌నామె" అనీ అంటారు. పరీక్షకుల దగ్గర ఉండే జాబితాలోని పేరు మీ నమోదులోనిది కాబట్టి, పాస్‌పోర్టులో ఏది కుటుంబ నామంగా, ఏది సొంత పేరుగా ఉందో ముందుగా చూసుకొని అదే క్రమాన్ని పాటించండి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకేచోట ఉంటుంది. అలాంటప్పుడు "ఇష్ హైసె" అని ఆ పేరునే పూర్తిగా చెప్పవచ్చు. ఇనీషియల్‌ను వివరించే ప్రయత్నం అక్కడ అనవసరం.

పరిచయం ముగిశాక ఏం అడుగుతారు?

సాధారణంగా రెండు పనులు అప్పగిస్తారు. ఒక పదాన్ని, అంటే ఇంటిపేరో వీధి పేరో ఊరి పేరో, అక్షరం అక్షరంగా చెప్పమంటారు: "బుఖ్‌ష్టాబీరెన్ జీ బిట్టె ఈరెన్ నామెన్." తర్వాత ఒక సంఖ్యను, ఉదాహరణకు ఫోన్ నంబరును, చెప్పమంటారు: "వీ ఇస్ట్ ఈరె టెలెఫోన్‌నుమ్మర్?" పరిచయాన్ని గడగడా చెప్పినవారు కూడా తడబడేది ఇక్కడే. సాధనకు ఉన్న సమయంలో పెద్ద భాగాన్ని ఈ రెండింటికే కేటాయించడం మంచిది.

అక్షరాలు చెప్పడంలో తెలుగువారికి ఇబ్బంది ఎక్కడ వస్తుంది?

మనకు రోమన్ లిపి ఇంగ్లీషు ద్వారా వచ్చింది కాబట్టి, అక్షరాల ఇంగ్లీషు పేర్లు నోటికి ముందుగా వస్తాయి. జర్మన్‌లో మొదటి అక్షరం పేరు "ఆ", అయిదవ అక్షరం "ఏ", తొమ్మిదవది "ఈ". ఇంగ్లీషులో "ఏ" అంటే మొదటి అక్షరం, "ఈ" అంటే అయిదవ అక్షరం. అలవాటు కొద్దీ ఇంగ్లీషు పేరు చెబితే జర్మన్ వినేవారు వేరే అక్షరం రాసుకుంటారు. తప్పు జరిగిందని ఇద్దరికీ తెలియదు. మన పేర్లలో అచ్చులు ఎక్కువ కాబట్టి ఈ పొరపాటు ఒక్క పేరులోనే నాలుగైదు చోట్ల దొర్లవచ్చు.

ఇక హల్లులలో జాగ్రత్త పడవలసినవి కొన్ని ఉన్నాయి. పదవ అక్షరం "యొట్", ఇరవై రెండవది "ఫౌ", ఇరవై మూడవది "వే", ఇరవై అయిదవది "ఉప్సిలోన్", చివరిది "ట్సెట్". ఎనిమిదవది "హా", ఏడవది "గే". జ్యోతి అనే పేరును సాధారణంగా రాసే పద్ధతిలో "యొట్, ఉప్సిలోన్, ఓ, టే, హా, ఈ" అనాలి. రెడ్డి అనే ఇంటిపేరు "ఎర్, ఏ, డొప్పెల్-డే, ఉప్సిలోన్" అవుతుంది. ఒకే అక్షరం వరుసగా రెండుసార్లు వస్తే "డొప్పెల్" చేర్చడం జర్మన్లకు అలవాటైన పద్ధతి. వెంకటేశ్వర అనే పేరు "ఫౌ"తో మొదలై మధ్యలో "వే"ను కూడా కలుపుకొంటుంది కాబట్టి, ఆ పేరున్నవారు ఈ రెండింటి తేడాను మరింత శ్రద్ధగా సాధన చేయాలి.

మీ పేరు, ఇంటిపేరు, వీధి, ఊరు, వీటితోపాటు ఇంట్లోవారి పేర్లు కూడా రోజూ పైకి చెప్పండి. రాసుకొని చదవడం కంటే, ఎవరైనా ఇంట్లో కూర్చొని మీరు చెప్పినట్లు రాస్తూ ఉంటే తప్పు వెంటనే బయటపడుతుంది. వారికి జర్మన్ రానవసరం లేదు, అక్షరాల పట్టిక చేతిలో ఉంటే చాలు.

సంఖ్యలు ఎందుకు తారుమారవుతాయి?

తెలుగులో ఇరవై ఏడు అంటాము, పదుల స్థానం ముందు వస్తుంది. జర్మన్‌లో 13 నుంచి 99 వరకు, నిండు పదులు కాని సంఖ్యలలో ఒకట్ల స్థానం ముందు వస్తుంది: 27ను "జీబెన్‌ఉంట్‌ట్స్వాన్‌ట్సిష్" అంటారు, అంటే ఏడు ముందు, ఇరవై తర్వాత. వయసు చెప్పేటప్పుడు ఇది తప్పదు కాబట్టి, మీ వయసును, ఇంట్లోవారి వయసులను ముందుగానే నోటికి తెచ్చుకోండి.

ఫోన్ నంబరుకు మాత్రం తేలికైన దారి ఉంది. అంకెలను ఒక్కొక్కటిగా చెప్పండి: నుల్, ఐన్స్, ట్స్వై, ద్రై, ఫీయర్, ఫ్యున్ఫ్, జెక్స్, జీబెన్, ఆఖ్ట్, నోయిన్. మనం ఇంగ్లీషులో చెప్పినట్లు రెండు తొమ్మిదులను "డబుల్" అని కలపకుండా "నోయిన్, నోయిన్" అనడమే మేలు. ఫోనులో "ట్స్వై", "ద్రై" ఒకేలా వినిపిస్తాయని జర్మన్లు రెండుకు "ట్స్వో" అంటారు. మీరు అనకపోయినా వినాల్సి రావచ్చు, గుర్తుపట్టగలిగితే చాలు. మూడు మూడు అంకెలకు ఒకసారి చిన్నగా ఆగితే వినేవారు రాసుకోగలుగుతారు.

గృహిణిని, లేదా ప్రస్తుతం ఉద్యోగం లేదు. వృత్తి దగ్గర ఏం చెప్పాలి?

ఉన్నది ఉన్నట్లు చెప్పండి. "ఇష్ బిన్ హౌస్‌ఫ్రౌ" పూర్తి జవాబే. ఉద్యోగం వెతుక్కుంటున్నవారు "ఇష్ జూఖె ఆర్బైట్" అనవచ్చు. చదువుకుంటున్నవారిలో విశ్వవిద్యాలయ విద్యార్థి "ష్టుడెంట్", విద్యార్థిని "ష్టుడెంటిన్". ఇక్కడ మన భాష అలవాటు చేయని తేడా ఒకటి ఉంది: ఇంజినీరు అన్న మాట తెలుగులో ఆడవారికీ మగవారికీ ఒకటే, జర్మన్‌లో పురుషుడు "ఇంజెనియోర్", స్త్రీ "ఇంజెనియోరిన్". ఉపాధ్యాయుడు "లేరర్", ఉపాధ్యాయిని "లేరెరిన్". నర్సులకు 2020 నుంచి అమలైన జర్మన్ చట్టం ప్రకారం వృత్తి పేరు "ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ", పురుషులకు "ఫ్లేగెఫాఖ్‌మాన్". అయితే భారతదేశంలో చదివినవారు జర్మనీలో ఆ అర్హత గుర్తింపు పొందేవరకు "క్రాంకెన్‌ష్వెస్టర్" అన్న పాత, వాడుక మాటనో, "ఇష్ ఆర్బైటె ఇమ్ క్రాంకెన్‌హౌస్" అన్న వాక్యాన్నో వాడితే సరిపోతుంది.

వృత్తి ముందు "ఐన్" అనే పదం పెట్టకూడదు. "ఇష్ బిన్ లేరెరిన్" అనడమే సరైనది.

భర్త జర్మనీలో ఉన్నారు, పరీక్ష రాసేది వీసా కోసం. కుటుంబం గురించి చెప్పవచ్చా?

జీవిత భాగస్వామి దగ్గరకు వెళ్లేవారికి ప్రాథమిక జర్మన్ పరిజ్ఞానాన్ని జర్మనీ 2007లో తప్పనిసరి చేసింది. అయితే బ్లూ కార్డ్ (ఉన్నత విద్యార్హత గల ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) ఉన్నవారి భాగస్వాముల వంటి కొందరికి మినహాయింపు ఉంది కాబట్టి, మీకు అది వర్తిస్తుందో లేదో ముందే నిర్ధారించుకోండి. పరిచయంలో కుటుంబం ప్రస్తావన కార్డు మీద ఉండదు, కానీ ఒక వాక్యం చేర్చడంలో తప్పు లేదు: "ఇష్ బిన్ ఫెర్‌హైరాటెట్. మైన్ మాన్ వోంట్ ఇన్ ష్టుట్‌గార్ట్." పిల్లలుంటే కూతురికి "ఇష్ హాబె ఐనె టోఖ్టర్", కొడుకుకు "ఇష్ హాబె ఐనెన్ జోన్" అనాలి. ఈ "ఐనె", "ఐనెన్" తేడాను తప్పకుండా చూసుకోండి. వీసా ఇంటర్వ్యూలో కూడా అధికారి జర్మన్‌లో చిన్న ప్రశ్నలు వేసే అవకాశం ఉంది, అందుకని ఈ వాక్యాలను పరీక్ష అయ్యాక కూడా మరచిపోవద్దు.

వ్యాకరణ తప్పులకు మార్కులు పోతాయా?

అర్థం చెడనంత వరకు చిన్న తప్పులను ఈ స్థాయిలో పట్టించుకోరు. చెప్పవలసిన విషయం చెప్పారా, అర్థమయ్యేలా చెప్పారా అన్నదే ముఖ్యం. అయినా తెలుగు ప్రభావం వల్ల వచ్చే మూడు తప్పులను దిద్దుకుంటే మాట చాలా చక్కబడుతుంది. మొదటిది, తెలుగులో "నేను ఇంజినీరును" అంటే చాలు, క్రియ అక్కర్లేదు; జర్మన్‌లో "బిన్" లేకుండా వాక్యం నిలబడదు. రెండవది, మనం "హైదరాబాదులో ఉంటాను" అని కర్తను వదిలేస్తాము. జర్మన్‌లో "ఇష్" ప్రతి వాక్యంలోనూ ఉండాలి. మూడవది, క్రియను చివరికి నెట్టే అలవాటు. సాధారణ వాక్యంలో జర్మన్ క్రియ రెండవ స్థానంలో ఉంటుంది: "ఇష్ లెర్నె జైట్ ద్రై మోనాటెన్ డోయిచ్" (నేను మూడు నెలలుగా జర్మన్ నేర్చుకుంటున్నాను). "జైట్ ద్రై మోనాటెన్"ను ముందుకు తెచ్చినా దాని వెంటనే క్రియే రావాలి, ఆ తర్వాతే "ఇష్" వస్తుంది.

ఉచ్చారణలో ఏ ధ్వనులు సాధన చేయాలి?

అన్నిటికంటే ముందు "ఇష్" చివరి ధ్వని. ఇది నిజానికి ష కాదు, క కాదు, చ అసలే కాదు. నాలుకను "య" పలికే చోట ఉంచి, గొంతు మోగించకుండా గాలి మాత్రం వదిలితే ఆ ధ్వని వస్తుంది. "ఆఖ్ట్", "కొఖె" వంటి మాటల్లోని ధ్వని వేరు, అది గొంతు దగ్గర పుడుతుంది. "ఫ్యున్ఫ్" వంటి మాటల్లోని అచ్చు కోసం నోటిలో "ఈ" అంటూ పెదవులను "ఊ" అన్నట్లు గుండ్రంగా చుట్టాలి; "హ్యోరె" కోసం లోపల "ఏ", బయట "ఓ" పెదవులు. "జీ", "జీబెన్"లలోని జకారం ఇంగ్లీషు "జూ" అన్న మాటలోని మొదటి ధ్వనిలా ఉండాలి.

తెలుగు అజంత భాష (మాటలు అచ్చుతో ముగిసేది) కావడం వల్ల మాట చివర చిన్న ఉకారం చేర్చడం మనకు సహజం. "ఆల్ట్" అనవలసిన చోట "ఆల్టు" అనీ, "ఉంట్" బదులు "ఉంటు" అనీ వస్తుంది. జర్మన్‌లో మాట చివరి హల్లు గట్టిగా, ఆగిపోయినట్లు వినిపించాలి. మీ పరిచయాన్ని ఫోనులో రికార్డు చేసి, కేవలం ఈ ఒక్క అంశం కోసమే వినండి. వింటే వెంటనే తెలుస్తుంది, తెలిసిన కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది.

పరీక్షకులను ఎలా సంబోధించాలి?

తెలియని పెద్దవారిని మీరు అన్నట్లే, పరీక్షకులను "జీ" అనాలి. తోటి అభ్యర్థులను "జీ" అన్నా "దూ" (నువ్వు) అన్నా పర్వాలేదు, కానీ ఒకదానికే కట్టుబడి ఉండండి. సందేహం ఉంటే "జీ" వాడటమే సురక్షితం.

ప్రశ్న అర్థం కాకపోతే?

మౌనంగా ఉండవద్దు, ఇంగ్లీషులోకి మారవద్దు. "వీ బిట్టె?" అంటే మరోసారి చెప్పమని అర్థం. "క్యోన్నెన్ జీ దాస్ బిట్టె వీడర్‌హోలెన్?" ఇంకా మర్యాదైన రూపం. "బిట్టె లాంగ్‌జామ్" అంటే నెమ్మదిగా చెప్పమని. మళ్లీ అడగడం కూడా భాషను వాడటమే. మీరు చెబుతూ మధ్యలో తప్పు గమనిస్తే "ఎంట్‌షుల్డిగుంగ్" (క్షమించండి) అని ఆ ఒక్క వాక్యాన్ని సరిచేసి ముందుకు వెళ్లండి, మొదటి నుంచి మొదలుపెట్టవద్దు.

ఎ2, బి1 స్థాయులలో పరిచయం ఎలా మారుతుంది?

గోథె ఎ2లో ఇద్దరు అభ్యర్థులు కలిసి మాట్లాడతారు. మొదటి భాగంలో కార్డుల మీది మాటల ఆధారంగా ఒకరినొకరు వ్యక్తిగత విషయాలు అడుగుతారు. అక్కడ ఒకేసారి చెప్పే పరిచయం కంటే ప్రశ్న అడగగలగడం ముఖ్యం. గోథె బి1లో ఆరంభంలో జరిగే చిన్న పరిచయానికి మార్కులు లేవు, అసలు పరీక్ష కలిసి ఒక పని ప్రణాళిక వేయడంతో మొదలవుతుంది. జర్మన్ పరీక్షలు నిర్వహించే మరో సంస్థ అయిన టెల్క్ బి1 పరీక్షలో మాత్రం ఒకరినొకరు పరిచయం చేసుకోవడం మార్కులున్న భాగమే. కాబట్టి సాధన మొదలుపెట్టే ముందు మీరు నమోదు చేసుకున్నది ఏ సంస్థ పరీక్షో చూసుకొని, ఆ సంస్థ ఉచితంగా అందించే నమూనా పరీక్షను పూర్తిగా ఒకసారి చేయండి.

పరీక్ష రోజున ఏం గుర్తుంచుకోవాలి?

నమోదుకు వాడిన గుర్తింపు పత్రం, ముఖ్యంగా పాస్‌పోర్టు, వెంట ఉండాలి. హైదరాబాదులోని గోథె సెంట్రమ్ అయినా, చెన్నైలోని మాక్స్ ముల్లర్ భవన్ అయినా, పొరుగు జిల్లా నుంచి బయలుదేరేవారు ముందు రోజే చేరుకుంటే మంచిది. గది బయట వేచి ఉన్నప్పుడు మిగతా అభ్యర్థులతో రెండు మూడు వాక్యాలు జర్మన్‌లో మాట్లాడి చూడండి, లోపల మీ ఎదుట కూర్చునేది వారే కావచ్చు.